పాఠం నోట రాని రోజు

కొన్నేళ్ళ క్రితం మా వద్ద హిఫ్జ్ చేస్తున్న ఒక పిల్లవాడు ఉండేవాడు. వయసు పద్నాలుగు. పంతొమ్మిది పారాలు పూర్తి చేశాడు. ఉదయం సబఖ్ తడబడకుండా అప్పగించేవాడు. ఆమూఖ్తా వినిపిస్తుంటే మేము కళ్ళు మూసుకుని వినేవాళ్ళము. ఎక్కడా ఆపవలసిన అవసరం కలిగేది కాదు. ఒక చలికాలంలో ఆ పిల్లవాని చదువు ఉన్నట్టుండి కుంటుపడింది. నిన్న అప్పగించిన రుకూ నేడు నోటికి రాదు. రెండేళ్ళ నాడు కంఠస్థం చేసిన పారాలోనే దారి తప్పుతాడు. అన్నం ముందు కూర్చుని వేళ్ళతో కెలుకుతూ ఉంటాడు. అస్ర్ నమాజు తరువాత తోటి పిల్లలు మైదానానికి పరుగెత్తితే తాను వజూఖానా గట్టుమీద కూర్చుంటాడు.

మేము ఏం చేశాము? మొదట గద్దించాము. తరువాత తోటి పిల్లల ఎదుట నిలబెట్టాము. హాజరు పుస్తకంలో అతని పేరు ఎదుట 'అశ్రద్ధ' అని వ్రాశాము. వాని తల్లి వచ్చి, "హజ్రత్, వీడికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంట, గుండెమీద బండ పెట్టినట్టు ఉంటోందంట" అని చెబితే, ఇస్తిగ్ఫార్ ఎక్కువగా చేయించమని, ఈ వయసులో చదువు మీద నుండి మనసు మళ్ళించడం షైతాను పని అని చెప్పి పంపివేశాము. ఆమె ఇంకేదో అడగబోయి ఊరుకుంది.

ఆ సంవత్సరం మేము పెద్ద తరగతికి ఇమామ్ గజాలీ (రహ్మలై) జీవితాన్ని బోధిస్తున్నాము. ఎన్నో ఏళ్ళుగా బోధిస్తున్న పాఠమే. తన జీవితాన్ని గురించి ఆయన స్వయంగా వ్రాసుకున్న 'అల్ మున్ఖిజ్ మినజ్జలాల్' గ్రంథంలో ఏ విషయం తరువాత ఏ విషయం వస్తుందో పుస్తకం తెరవకుండానే చెప్పగలము. కాని ఆ గ్రంథంలో ఆయన వర్ణించిన స్థితే మా వజూఖానా గట్టుమీద కూర్చుని ఉందన్న సంగతి మాకు తట్టలేదు.

మన ఇళ్ళలో గజాలీ పేరు వినని వారు తక్కువ. ఆయనకు వచ్చిన జబ్బును గురించి విన్నవారు అంతకంటే తక్కువ. అందుచేత దానిని కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ఆయన హిజ్రీ 450లో, అంటే క్రీ.శ. 1058లో, ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఆయనను, తమ్ముడు అహ్మద్‌ను పెంచే బాధ్యత తండ్రిగారి మిత్రుడొకరు స్వీకరించారు. తండ్రి విడిచి వెళ్ళిన కొద్ది సొమ్మూ ఖర్చయిపోగానే, మదర్సాలో చేరితే చదువుతోపాటు తిండి కూడా దొరుకుతుందని ఆ పెద్దమనిషి పిల్లలకు సలహా ఇచ్చారు. (ఈ ముక్క చెప్పినప్పుడు మా విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.) నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వంటి మహా విద్వాంసుని వద్ద చదివారు. 1091లో సల్జూఖ్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయనను బగ్దాద్ నిజామియా మదర్సాలో ఆచార్య పీఠం మీద కూర్చోబెట్టేనాటికి ఆయన వయసు ముప్పై మూడేళ్ళు. ఎదుట మూడు వందల మంది విద్యార్థులు కూర్చునేవారు. విద్యా ప్రపంచంలో అంతకు మించిన పీఠం ఆనాడు లేదనే చెప్పాలి.

నాలుగేళ్ళు గడిచాయి. హిజ్రీ 488 రజబ్ మాసం. తాను చేస్తున్న బోధన అల్లాహ్ ప్రసన్నత కోసమా, పేరు ప్రతిష్ఠల కోసమా అన్న ప్రశ్న ఆయనను తొలవసాగింది. బగ్దాద్ విడిచి వెళ్ళిపోవాలని ఒక పూట నిశ్చయించుకునేవారు, మరో పూట ఆ నిశ్చయం సడలిపోయేది. దాదాపు ఆరు నెలలు ఇలాగే గడిచాయని ఆయనే వ్రాశారు. చివరకు నాలుక పనిచేయడం మానివేసింది. తన కోసం వచ్చి కూర్చున్న విద్యార్థుల మనసు కష్టపెట్టరాదని ఒక్క రోజైనా పాఠం చెప్పడానికి ఎంతో ప్రయత్నించారు. ఒక్క మాటైనా నోట వెలువడలేదు. ఆ మూగతనం నుండి గుండెలో దిగులు పుట్టింది. జీర్ణశక్తి పోయింది. గుటకెడు పానీయం దిగదు, ముద్ద మింగుడుపడదు. శరీరం శుష్కించింది. వైద్యులు పరీక్షించి, ఇది హృదయంలో మొదలై అక్కడి నుండి శరీరానికి పాకిన జబ్బు అని, లోపలి వేదన తొలగితే తప్ప మందు పనిచేయదని చెప్పి ఆశ వదులుకున్నారు.

దీనికి నేటి వైద్యశాస్త్రంలో ఏ పేరు పెట్టాలో తొమ్మిది వందల ఏళ్ళ దూరం నుండి నిర్ణయించడం మా పని కాదు. ఇది పూర్తిగా ఆధ్యాత్మిక స్థితి, జబ్బు అనే మాటే వాడకూడదని వాదించే మిత్రులు మాకు ఉన్నారు. ఆ మాట వాడినవారు ఆయన వైద్యులే. దానిని దాచకుండా గ్రంథస్థం చేసినవారు ఆయనే. పాఠకులు ఒక్క విషయం ఆలోచించాలి. ఆనాడు ఆయనకు ఈమాన్ తక్కువైందని, నమాజు తక్కువైందని, ఖుర్ఆన్ పారాయణం తక్కువైందని ఎవరైనా అనగలరా? లోకం 'హుజ్జతుల్ ఇస్లాం' అని పిలుచుకున్న వ్యక్తికి ఒక రోజు పాఠం నోట రాలేదు. మా పద్నాలుగేళ్ళ పిల్లవానికి రాకపోవడం ఏపాటి వింత!

ఆయన నిస్సహాయ స్థితిలో అల్లాహ్‌ను వేడుకున్నారు. దుఆతో ఆగిపోలేదు కూడా. పిల్లల పోషణకు సరిపడా ఉంచి మిగిలిన ధనం పంచివేశారు. మక్కాకు వెళుతున్నానని చెప్పి, జుల్‌ఖఅదా మాసంలో బగ్దాద్ విడిచి సిరియా దారి పట్టారు. నిజామియాలో ఆయన స్థానంలో తమ్ముడు అహ్మద్ పాఠాలు చెప్పారు. అంతటి పీఠాన్ని వదిలి వెళ్ళడమేమిటో ఇరాఖ్ పండితులకు అర్థం కాలేదు. పాలకులతో ఏదో తగవు వచ్చి ఉంటుందని దూరాన ఉన్నవారు ఊహించారు. దగ్గర నుండి చూసినవారు, ఇది ముస్లిం సమాజానికీ పండిత లోకానికీ తగిలిన దిష్టి అన్నారట! మన వీధిలో ఈనాడు వినిపించే మాటే ఆనాటి బగ్దాద్‌లోనూ వినిపించింది.

డమాస్కస్‌లో ఉమయ్యద్ మసీదు మినారులో ఒంటరిగా గడిపారు. జెరూసలేం, హిజాజ్ వెళ్ళారు. 'ఇహ్యా ఉలూమిద్దీన్' ఆ కాలపు ఫలం. తిరిగి నైషాపూర్ మదర్సాలో బోధనకు కూర్చున్నది హిజ్రీ 499లో. అంటే సుమారు పదకొండేళ్ళ తరువాత. మన ఇళ్ళలో పిల్లవాడు ఒక్క ఏడాది చదువు ఆపితే 'సంవత్సరం వృథా అయిపోయింది' అని బంధువుల ముందు తల దించుకుంటాము.

గజాలీ కంటే ముందే ఈ విషయంపై కలం పట్టిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ. క్రీ.శ. 934లో మరణించారు. ఆయన వ్రాసిన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' రెండు భాగాల గ్రంథం. ఒకటి శరీరారోగ్యం గురించి, రెండవది మనసు ఆరోగ్యం గురించి. కోపం, భయం, దుఃఖం, వదలని పాడు తలంపులు అంటూ ఒక్కొక్కదాన్ని విడివిడిగా చర్చించారు. దుఃఖాన్ని ఆయన రెండు రకాలుగా విభజించారు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి. ఏ కారణమూ కనిపించకుండా మనిషిని ఆవరించే దుఃఖం రెండవది. దాని మూలం శరీరంలో ఉండవచ్చునని, దానికి వైద్యం కూడా కావాలని ఆయన అభిప్రాయం. అకస్మాత్తుగా జబ్బు చేస్తే పనికి వస్తాయని ఇంట్లో మందులు ఉంచుకున్నట్టే, మనసు బాగున్న రోజుల్లోనే ధైర్యాన్నిచ్చే ఆలోచనలను పోగుచేసి ఉంచుకోవాలని కూడా చెప్పారు. పిల్లవాడు ఏమీ కారణం చెప్పలేకపోతున్నాడు కనుక నటిస్తున్నాడని తీర్మానించే తండ్రులు ఆ రెండవ రకం దుఃఖాన్ని గురించి తప్పక ఆలోచించాలి.

ఇక దివ్య ఖుర్ఆన్. కుమారుని కోసం దుఃఖించి హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబడిపోయాయి. విసుక్కున్నది కొడుకులే తప్ప అల్లాహ్ ఆయనను నిందించలేదు. సూరా మర్యమ్‌లోని సంఘటన మరింత లోతైనది. ప్రసవ వేదనలో, ఒంటరితనంలో, లోకం ఏమంటుందోనన్న భయంలో హజ్రత్ మర్యమ్ (అలై) తాను ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండునన్నారు. ఆ మాటకు వచ్చిన సమాధానం ఏమిటి? గద్దింపు కాదు. దుఃఖించవద్దన్న ఓదార్పు, పాదాల చెంత పారే నీటి ఊట, చెట్టు ఊపితే రాలే తాజా ఖర్జూరాలు, తిను, తాగు, కళ్ళు చల్లబరచుకో అన్న ఆదేశం, ఈ రోజు ఎవరికీ జవాబు చెప్పవలసిన పని లేదన్న వెసులుబాటు. మన ఇంట్లో పిల్లవాని నోట 'నేను చచ్చిపోతే బాగుండు' అన్న మాట వస్తే మనం వరుసగా చేయవలసినవి ఈ ఆయతుల్లోనే ఉన్నాయని మాకు అనిపిస్తుంది. మనం చేస్తున్నది మాత్రం అది హరాం అని ఉపన్యాసం ఇవ్వడం. హరాం అన్న సంగతి వాడికి తెలుసు. తెలిసీ ఆ మాట నోట వచ్చిందంటే లోపల ఎంత భారం ఉందో అడగవలసినది మనమే.

దుఃఖంలో ఉన్న ఇంటికి హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా వండించి పెట్టేవారని హదీసుల్లో ఉంది. బార్లీ పిండితో కాచే పలుచని జావ. అది రోగి హృదయానికి ఊరట కలిగిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. మనసు జబ్బుకు ఒంటికి తిండి పెట్టడం మన సున్నత్‌లో ఉన్నదే.

మా మదర్సాల్లో పిల్లలందరికీ నోటికి వచ్చే ఒక అరబ్బీ పద్యం ఉంది. ఇమామ్ షాఫయీ (రహ్మలై) తన జ్ఞాపకశక్తి తగ్గిందని గురువుగారితో మొరపెట్టుకుంటే, పాపాలు విడిచిపెట్టమని ఆయన చెప్పారన్న భావం దానిది. ఆ పిల్లవానికి మేము ఆ పద్యం కూడా వినిపించాము. ఒక పుణ్యపురుషుడు తనను తాను నిందించుకుంటూ చెప్పుకున్న మాటను బెత్తంగా మార్చి మరొకరి మీద ప్రయోగించడం ఎంత అన్యాయమో మాకు ఆలస్యంగా తెలిసింది. తరువాత ఒక మానసిక వైద్యుడు మాకు విడమరచి చెప్పారు: డిప్రెషన్ వచ్చిన వ్యక్తికి మొదట దెబ్బతినేది ఏకాగ్రత, జ్ఞాపకశక్తి. మరచిపోవడం జబ్బు లక్షణం. అది తెలియక మరచిపోయినందుకు శిక్షిస్తే ఆ జబ్బు ఇంకా ముదురుతుంది.

ఇదంతా మదర్సాల సంగతి మాత్రమే అనుకోవద్దు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో హాస్టల్‌కు పంపిన మన పిల్లలు తెల్లవారుజాము నుండి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కూర్చుంటారు. వారం వారం పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షను మార్పు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే ఒక విద్యార్థినికి 99 మార్కులు వస్తే సున్నాగా నమోదైందని తరువాత తేలింది. కాగితం మీది అంకె అంత నమ్మదగినదా? దేశమంతటా 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వారిలో పరీక్షలో తప్పడం కారణంగా నమోదైనవి 2,248. అంటే మిగిలినవారి బాధ మార్కుల పట్టికలో కనిపించేది కాదు.

ఆడపిల్లల భారం మరో రకం. మార్కులు తగ్గితే మగపిల్లవాడికి తిట్లు పడతాయి. ఆడపిల్లకు చదువు మాన్పించి సంబంధాలు చూస్తారు. ఆ భయంతో పుస్తకం తెరిచిన పిల్లకు అక్షరాలు ఎలా కనిపిస్తాయి? తన దిగులును ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. చెబితే 'చదువు వద్దులే' అంటారని. ఆలిమా కోర్సు చదివే అమ్మాయిల్లోనూ ఇదే మౌనం చూశాము. తల్లులు ముందుగా ఒక హామీ ఇవ్వాలి: నీ బాధ చెప్పినందుకు నీ చదువు ఆగదు అని.

రుఖ్యా, దుఆల విషయంలో మాకు సందేహం లేదు; అవి సున్నత్. అయితే రెండు వారాలుగా నిద్రపోని పిల్లవాణ్ణి తీసుకుని ఊరూరా ఆమిళ్ళ చుట్టూ తిరగడం, జిన్ పట్టిందని వేలకు వేలు సమర్పించుకోవడం రుఖ్యా కాదు. తల్లి తన చేయి బిడ్డ తలపై ఉంచి ఖుర్ఆన్ చదివి ఊదితే పైసా ఖర్చు లేదు. ఆ మరునాడు వైద్యుని వద్దకు వెళ్ళడానికి అది అడ్డూ కాదు. చికిత్స చేయించుకోమని, ప్రతి రోగానికీ అల్లాహ్ మందు సృష్టించాడని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు మనసు రోగాలను మినహాయించలేదు.

నిద్ర, ఆకలి మారిపోవడం, ఇష్టమైన ఆటపాటలు వదిలేయడం, ఊరికే చిరాకు, కారణం లేని తలనొప్పి, కడుపునొప్పి రెండు వారాలకు మించి కొనసాగితే చూపించాలి. మగపిల్లల్లో దిగులు చాలాసార్లు కోపం రూపంలో బయటపడుతుంది. 'చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?' అని నేరుగా, మెల్లగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదని వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. అవునంటే ఆ బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన 'టెలీ మానస్' సేవకు 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. చాలా జిల్లా ఆసుపత్రుల్లోనూ ఈ విభాగం ఉంది. ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వుకునే అలవాటు మన ఊళ్ళలో ఉంది. ఆ నవ్వు వల్ల ఎందరు తల్లులు గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్ళారో!

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆత్మహత్యా ప్రయత్నాన్ని దాచే కుటుంబాలు ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా పరిగణించి, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయరాదని, అందరి ఎదుట అవమానించరాదని అందులో ఉంది. విద్యార్థులు వసతిగా ఉండే మదర్సాలు కూడా వీటిని తమకు వర్తించినట్టే భావించి పాటించాలని మా అభిప్రాయం. కొందరు నిర్వాహకులకు ఇది రుచించదని తెలుసు.

మందుల విషయంలో రెండు మాటలు. డిప్రెషన్ మందులు మత్తు పదార్థాలు కావు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజుల్లో గుణం లేదని మానివేయరాదు, గుణం కనిపించగానే కూడా మానివేయరాదు. రమజాన్‌లో చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. వైద్యుణ్ణి ముందుగా అడిగితే అనేక మందులను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చి ఇస్తారు. ఉపవాసం వల్ల జబ్బు ముదురుతుందని వైద్యుడు చెబితే, రోగికి షరీఅత్ ఇచ్చిన మినహాయింపు ఈ రోగికీ వర్తిస్తుంది.

ఇప్పటికే బిడ్డను పోగొట్టుకున్న ఇళ్ళు కూడా మన మధ్య ఉన్నాయి. ఆ గుమ్మంలో నిలబడి జనాజా చేయవచ్చా అని చర్చించేవారిని చూశాము. జనాజా నమాజు చేయాలన్నదే హనఫీ ఫిఖ్హ్‌లో ఫత్వా. చర్చ అక్కడితో ముగించి ఆ తల్లిదండ్రుల పక్కన కూర్చోవాలి.

మా పిల్లవాణ్ణి ఆ తల్లి మమ్మల్ని మళ్ళీ అడగకుండానే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. చదువు లేని తల్లి. జబ్బు అని తేలింది. మందులు, మాటల ద్వారా చికిత్స కలిపి ఎనిమిది నెలలు సాగింది. ఆ మధ్యలో ఒక రాత్రి ఇషా తరువాత మేము వాళ్ళ ఇంటికి వెళ్ళి, నిన్ను అందరి ముందు నిలబెట్టినందుకు క్షమించు బేటా అన్నాము. పిల్లవాడు ఏం చెప్పాలో తెలియక తండ్రి వైపు చూశాడు. తల్లి లోపలి నుండి జావ తెచ్చి మా ముందూ ఒక గిన్నె పెట్టింది.

మదర్సాలో ఇప్పుడు పాఠం హఠాత్తుగా తప్పిన పిల్లవాణ్ణి మొదట అడిగేది 'రాత్రి నిద్రపోయావా, ఏమి తిన్నావు' అనే. హాజరు పుస్తకంలో 'అశ్రద్ధ' అని వ్రాసే ముందు ఇంటికి ఫోను చేయాలని ఉపాధ్యాయులమందరం అనుకున్నాము. అన్ని రోజులూ పాటించగలుగుతున్నామని చెప్పలేము. పరీక్షల కాలంలో మాకూ ఓపిక తప్పుతుంది.

అతడు తిరిగి హిఫ్జ్‌కు రాలేదు. బడిలో చేరి, పది పూర్తిచేసి, ఐటిఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు. మసీదులో ఫ్యాన్ ఆగిపోతే అతడే వచ్చి బాగుచేస్తాడు. రమజాన్‌లో తరావీహ్‌కు మొదటి వరుసలో నిలబడతాడు. కిందటి ఏడు మా హాఫిజ్ గారు పన్నెండవ పారాలో ఒక చోట తడబడితే వెనుక నుండి లుఖ్మా ఇచ్చింది అతడే. పంతొమ్మిది పారాలు చెక్కుచెదరలేదు. మిగిలిన పదకొండింటిని గురించి మేము అడగలేదు.